నిదానం ఫిల్ము

అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి నడిపే స్టూడియో అది. ముందు గదిలో జనానికి ఫొటోలు తీస్తారు, వెనక చీకటి గదిలో కడుగుతారు. వాళ్ళ నాన్న బతుకంతా ఆ వెనక గదిలోనే గడిచిపోయింది. పోతూ పోతూ ఆయన మేడలూ మిద్దెలూ ఇవ్వలేదు గానీ, ఏ వెలుతురికి ఏ ఫిల్ము వెయ్యాలో ఇద్దరికీ నూరిపోసి మరీ వెళ్ళాడు.

"ఎండకి నిదానం ఫిల్ము, చీకటికి చురుకు ఫిల్ము" అనేవాడు. నిదానం ఫిల్ముకి ఆకలెక్కువ. కడుపునిండా వెలుతురు పడితే గానీ బొమ్మ కట్టదు. కట్టిందంటే మాత్రం గోడమీద వెంట్రుకంత బీట కూడా దాక్కోలేదు. చురుకు ఫిల్ము గుప్పెడు వెలుతురుతోనే సరిపెట్టుకుంటుంది, కాకపోతే బొమ్మంతా ఇసక చల్లినట్టు గరుగ్గా వస్తుంది.

చిన్నదాన్ని ఇంట్లో చిట్టి అనేవారు. ఊహ తెలియకముందే అమ్మ పోతే, అక్కే జడలు వేసింది, అక్కే జ్వరానికి తడిగుడ్డ వేసింది. అందుకే అక్క గీసిన గీత చిట్టి దాటేది కాదు.

ఊరి చివర పాత టెలిఫోన్ ఎక్స్చేంజి ఉంది. దాన్ని పడగొట్టేముందు లోపలి గదులన్నీ ఫొటోలు తీసి పెట్టమని పని వచ్చింది. మొదటిరోజు అక్క ఒక్కతే వెళ్ళింది. కింది గదులు తీసి, మధ్యాహ్నానికే వచ్చేసి మంచమెక్కింది. ఒళ్ళు చూస్తే చల్లగా ఉంది, పళ్ళు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి. అడిగితే పలకదు, పెడితే తినదు. ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి, ఎడమ చెవి గట్టిగా మూసుకునేది.

ఆ వారం చివర్లో తనే చిట్టిని పిలిచింది.

"పై హాలొక్కటే మిగిలిందే. నువ్వెళ్ళి తీసిరా" అంటూ దిండు కింద నుంచి ఫిల్ము చుట్ట తీసి చేతిలో పెట్టింది.

చిట్టి దాన్ని చూసి నవ్వింది. "నిదానం ఫిల్మా? ఆ హాలు కిటికీలకి చెక్కలు కొట్టేశారటగా. దీంతో ఒక్కో ఫొటోకీ నిమిషాల తరబడి నిలబడాలక్కా. నాన్నుంటే తొడపాశం పెట్టేవాడు."

అక్క నవ్వలేదు. "గోడంత ప్రింట్లు కావాలన్నారు. గరుకు కనపడకూడదు. స్టాండు వేసి, షట్టరు తెరిచి, పక్కనే కదలకుండా నిలబడు. అది చెక్క నేల. నువ్వు కదిలితే బొమ్మ చెదిరిపోతుంది."

మాటలో తప్పేమీ లేదు. చిట్టి సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

బయట ముసురు పట్టింది. పై హాలు మిట్టమధ్యాహ్నం కూడా మసగ్గా ఉంది. ఒక గోడ పొడవునా స్విచ్ బోర్డులు, వాటి ముందు వరసగా ఎత్తు స్టూళ్ళు. ఒకప్పుడు ఆడవాళ్ళు అక్కడ కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరు కావాలో అడిగి, తీగలు గుచ్చి ఊరి మాటలన్నీ కలిపేవారు. ఇప్పుడా తీగలు చచ్చిన పాముల్లా వేలాడుతున్నాయి. దుమ్ము వాసన, తుప్పు వాసన. వాటి అడుగున ఇంకొకటి… తడిజుట్టు ఆరకుండా ముడేస్తే వచ్చే వాసన.

చిట్టి స్టాండు బిగించి షట్టరు తెరిచి నిలబడింది. స్టూళ్ళన్నీ ఖాళీ. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. ఆ చప్పుడు సందున ఎక్కడో… టక్. పిన్ను తీసి పక్క రంధ్రంలో గుచ్చినట్టు. ఎలుకలు కాబోలు అనుకుంది. షట్టరు మూసి, ఫిల్ము తిప్పి, మళ్ళీ తెరిచింది.

టక్.

ఈసారి కాస్త దగ్గరగా.

ఒక్కో ఫొటోకీ ఆ చప్పుడు ఒక్కో స్టూలు దాటి వస్తున్నట్టే ఉంది. తల తిప్పి చూద్దామంటే నేల కదులుతుందేమోనని భయం. అక్క మరీ మరీ చెప్పింది కదా. ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ, కళ్ళు మూసుకుని నిలబడింది. చివరి ఫొటోకి ఆ తడిజుట్టు వాసన ముక్కు కిందకే వచ్చింది. షట్టరు మూసిన మరుక్షణం స్టాండు చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగేసింది.

ఇంటికొచ్చేసరికి అక్క వంటింట్లో కూర్చుని అన్నం తింటోంది. మెతుకు ముట్టని మనిషి రెండోసారి వడ్డించుకుంటోంది. చిట్టికి ప్రాణం లేచొచ్చింది. అక్క కోలుకుంది, అంతే చాలు అనుకుని ఫిల్ము కడగడానికి చీకటి గదిలోకి వెళ్ళింది.

ఫిల్ముని డబ్బాలోకి చుట్టేదాకా ఎర్రదీపం కూడా వెలిగించకూడదు. తన చెయ్యి తనకే కనపడని చీకటి. వేళ్ళతో తడుముకుంటూ చుడుతోంది. చిన్నప్పటి నుంచీ అలవాటైన చీకటే. కానీ ఆ రోజు… ఎడమ చెవి దగ్గర ఎవరో ఊపిరి తీసుకున్నారు. మెత్తగా, మర్యాదగా, రోజూ వందమందిని అడిగే మాటలా అడిగారు.

"ఎవరు కావాలి?"

చిట్టి డబ్బా మూత బిగించి, గబుక్కున దీపం వేసింది. ఎవరూ లేరు. మందునీళ్ళు పోసి, కడిగి, ఫిల్ముని వెలుతురికి ఎత్తి చూసింది.

నెగటివ్‌లో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. మొదటి బొమ్మలో, ఆ చివరి స్టూలు మీద ఒక ఆడమనిషి. జుట్టు తెల్లగా, మొహం నల్లగా. రెండో బొమ్మలో ఇంకాస్త ఇవతలి స్టూలు మీద. ఆ తర్వాత ఇంకా ఇవతల. నిదానం ఫిల్ము కదా, కదిలేవాళ్ళు అందులో పడరు, మాయమైపోతారు. షట్టరు తెరిచి ఉన్నంతసేపూ ఆమె రెప్ప కూడా వెయ్యకుండా కూర్చుంది. చీర మడతలు కూడా స్పష్టంగా ఉన్నాయి. చివరి బొమ్మలో స్టూళ్ళు లేవు, గోడ లేదు. అంతా ఆ నల్లటి మొహమే.

చిట్టి తలుపు తోసుకుని బయటికొచ్చింది. గుమ్మంలోనే అక్క నిలబడి ఉంది. చేతిలో తడి ఫిల్ము వేలాడుతున్నా దానివైపు చూడలేదు. బొమ్మలెలా వచ్చాయని అడగలేదు.

"నిన్ను చూసిందా?" అంది గుసగుసగా.



"నీకు తెలుసా? తెలిసే పంపావా అక్కా?"

అక్క కళ్ళు దించుకుంది. "పై హాల్లో సరదాకి ఆ హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకున్నానే. ఎవరు కావాలి అంది… ఎవరూ వద్దంటే ఊరుకోలేదు. ఇంటికొచ్చినా అడుగుతూనే ఉంది. పడుకున్నా… స్నానం చేస్తున్నా…"

"ఏం చెప్పావ్?"

"మా చెల్లి కావాలన్నాను." అక్క ఎడమ చెవి తడుముకుంది. "అయితే కాసేపు కదలకుండా లైన్లో ఉండమనండి, అంది."

కదలకుండా. ఆ మాటకి ఫిల్ము చుట్ట ఎందుకిచ్చిందో చిట్టికి అర్థమైంది. నాన్న నేర్పిన విద్యనే అక్క ఉరితాడులా పేనింది. దెయ్యం మీద కూడా అంత కోపం రాలేదు. దానికి తను ఎవరు గనక? తడిగుడ్డ వేసిన చెయ్యే కదా ఈ ఫిల్ము అందించింది!

"ఇప్పుడు నాకేం వినపడట్లేదే" అంది అక్క. ఏడుస్తూనే అంది. కానీ ఆ ఏడుపులో హాయిగా ఉన్న మనిషి కనపడింది.

చిట్టి నెగటివ్‌లు పొయ్యిలో వేసి, ఆ సాయంత్రమే కెమెరా ఒక్కటే తీసుకుని ఊరొదిలేసింది.

మరోచోట ఆటల పోటీలకి ఫొటోలు తీసే పని దొరికింది. మండుటెండలో కూడా చురుకు ఫిల్మే వేసేది. తోటి ఫొటోగ్రాఫర్లు ఎగతాళి చేస్తే, "నాకు ఆగడం చేతకాదు" అని నవ్వేసేది. సెకనులో వెయ్యో వంతు. అంతకు మించి ఎక్కడా షట్టరు తెరవలేదు. చెవిలో గొంతు మళ్ళీ వినపడలేదు. ఏళ్ళు గడిచాయి.

ఒకరోజు, పేపర్లో ఫొటో కింద తన పేరు చూశానంటూ మైదానం ఆఫీసుకి ఫోనొచ్చింది. అక్క.

"చిట్టీ… బాగున్నావా? సరిగ్గా తింటున్నావా?"

పెట్టేద్దామనుకుంది. ఆ గొంతు వినగానే చిన్నప్పుడు జడలేసిన వేళ్ళు తలమీద తగిలినట్టనిపించి, పెట్టలేకపోయింది. ఎంతైనా అక్క కదా. మంచీ చెడూ మాట్లాడుకున్నారు. చివర్లో అక్క మామూలుగానే అడిగింది.

"రేపు పరుగుపందెమటగా. ఎక్కడ నిలబడి తీస్తావ్?"

"గ్యాలరీకి ఎదురుగా."

"ఎంతసేపు ఉంటావే అక్కడ?"

చిట్టి చెప్పింది. అక్క ఇంకేమీ అడక్కుండా ఫోను పెట్టేసింది.

మర్నాడు నడినెత్తిన ఎండలో పందెం తీసి, వచ్చి ఫిల్ము కడిగింది. బొమ్మలు నిక్కచ్చిగా వచ్చాయి. పరిగెత్తేవాళ్ళ కాళ్ళు గాల్లో ఆగిపోయాయి, నుదుటి నుంచి రాలిన చెమటచుక్కలు ముత్యాల్లా నిలిచిపోయాయి. వెయ్యో వంతు సెకనులో ఏదీ బెత్తెడు దూరం కూడా పోలేదు.

వాళ్ళ వెనక, ఎండకి జనం లేక ఖాళీగా ఉన్న గ్యాలరీలో మాత్రం ఒక మరక ఉంది. కదిలిన మనిషి చెదిరినట్టు పొడుగ్గా, పొగలా, ఆ వెయ్యో వంతులోనే గ్యాలరీ ఆ కొస నుంచి కెమెరాకి దగ్గరగా ఉన్న ఈ కొస దాకా సాగి ఉంది.

తర్వాతి బొమ్మలో గ్యాలరీ ఖాళీగా ఉంది.