రుచి చెప్పే నోరు

పొద్దున్నే బొగ్గులు రాజేసి, పాకం కుండ మూత తీసి, గరిటె కొసతో కాస్త తీసి భార్యకు అందించాడు తొకుజి.

"చూడవే."

ఫుసాయె నాలుక్కి తగిలించుకుని కళ్లు మూసుకుంది. "ఉప్పు సరిపోయింది. తీపే ఒక్క చుక్క తక్కువైందండీ."

పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ కుండ దరిదాపులకు రానివ్వని మనిషి, కిందటి చలికాలం నుంచి రోజూ ఆమె చేతే రుచి చూపిస్తున్నాడు. ముసలితనంలోనైనా పెళ్లాం విలువ తెలిసొచ్చిందని ఆమె వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. తాతల నాటి నుంచి అడుగంటనివ్వకుండా మరిగిస్తూ వస్తున్న సోయా పాకం అది. పాములా పొడుగ్గా ఉండే మలుగు చేపను చీల్చి, పుల్లలకు గుచ్చి, అందులో ముంచి కాల్చి అమ్మడమే హమనా సరస్సు పక్కన ఆ ఇంటి బతుకు.

ఆ రోజు మాత్రం దుకాణానికి సెలవు. టీవీ వాళ్లు వస్తున్నారు. వాళ్ల 'ప్రయోగశాల తలుపు తీస్తే' కార్యక్రమమంటే ఫుసాయెకు ప్రాణం. జపానులో ఏ మూల ఏ శాస్త్రవేత్త ఏం కనిపెట్టినా ఆదివారం అందులో రావాల్సిందే. కొడుకు కోహెయ్ పరిశోధనలో చేరిన దగ్గర్నుంచి ఒక్క వారం వదలకుండా చూస్తోంది, ఎప్పటికైనా మనవాడూ కనిపిస్తాడని.

సముద్రం నుంచి సరస్సుకు వచ్చే మలుగు పిల్లలు ఏటికేడు తగ్గిపోతున్నాయి. సముద్రంతో పనిలేకుండా గుడ్డు నుంచే తొట్టెలో పెంచడం కోహెయ్ పని. దానికి గడువు మార్చితో సరి. టీవీలో చూసి జనం ఆహా అంటే పొడిగిస్తామని, లేదంటే తొట్టెలు ఖాళీ చేయమని సంస్థ పెద్దలు తేల్చేశారు. "మీ నాన్నగారే కాల్చి, తిని, ఒక్క మాట చెబితే చాలు" అంది ఆ కార్యక్రమం దర్శకురాలు కురెబయాషి. కోహెయ్ సరేనన్నాడు. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లూ వాడు కష్టపడిందే ఆ మాట కోసం. దుకాణంలో చేపల కత్తి పట్టనని వాడు ఇల్లు విడిచిన రోజున, "తొట్టెలో పుట్టింది చేప కాదురా, బొమ్మ" అన్నాడు తండ్రి. తండ్రి మొండి, కొడుకు జగమొండి.

కోహెయ్ తెచ్చిన బకెట్లో ఒకటే మలుగు ఉంది. గుర్తు కోసం దాని రెక్క కొస కత్తిరించారు.

"ఇదేనా? బక్కగా ఉందే" అన్నాడు తొకుజి.

"నీ కొడుకు పెంచింది కదా నాన్నా, వాడి పోలికే."

కురెబయాషి పకపకా నవ్వింది. తొకుజి నవ్వలేదు. బకెట్ ఎత్తుకుని, "చీల్చేటప్పుడు ఎవరూ రాకూడదు. కెమెరా కూడా" అన్నాడు.

"అయ్యో, అసలు అందమంతా అక్కడే కదండీ!"

"నా వంటింట్లో నా మాటే అందం."

కాల్చేటప్పుడు మాత్రం తీయనిచ్చాడు. విసనకర్ర టపటపలాడింది, పొగ లేచింది. కెమెరా ముందు ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"బాగుంది" అన్నాడు చివరికి. "మలుగంటే ఇదీ."

కోహెయ్ కళ్లు తుడుచుకున్నాడు. "బ్రహ్మాండం! ఇంతకంటే ఏం కావాలి!" అంటూ కురెబయాషి సామాను సర్దించుకుని వెళ్లిపోయింది.

తండ్రికి సాయం చేద్దామని కోహెయ్ చాలా ఏళ్ల తర్వాత పెరట్లోకి వెళ్లాడు. దుకాణం చేపలుంచే చెక్క తొట్టికి నీళ్లు మార్చబోయి మూత తీశాడు. అన్నిటి అడుగునా ఒక బక్క మలుగు. దాని రెక్క కొస కత్తిరించి ఉంది. మూత అక్కడే పడేసి లోపలికి పరుగెత్తాడు.

"నాన్నా! చేప మార్చేశావా?"

"అరవకు."

"టీవీ ముందు నన్ను దొంగను చేశావు! నా చేప నోట్లో పెట్టుకోవడానికి అంత అసహ్యమా నీకు?"

"ఏమండీ, వాడికి జవాబు చెప్పండి" అంది ఫుసాయె.

తొకుజి తలకు కట్టిన తుండు విప్పి చేతిలో నలిపాడు.

"నాకు రుచి తెలీదురా. కిందటి చలికాలం జ్వరమొచ్చింది చూడు, దాంతోటే పోయింది. అన్నం నమిలినా కాగితం నమిలినా ఒకటే. ఇద్దరు డాక్టర్లు చూశారు, ఇక రాదన్నారు. నీ చేప తిని ఏం చెప్పను? తెలియకుండా బాగుందంటే అబద్ధం. బాగాలేదంటే పాపం. మన చేపైతే తినక్కర్లేదు, నా చేతులకే తెలుసు. కెమెరా ముందు నేనన్న మాట నిజమేరా. చేపే వేరు."

ఫుసాయె గడప మీద కూలబడిపోయింది. "రోజూ గరిటె చేతికిస్తుంటే... నేనేమో ప్రేమనుకున్నానండీ."

"అదే అనుకో" అని గొణిగాడు తొకుజి.

కోహెయ్ ఫోను తీశాడు. తల్లి వాడి చెయ్యి పట్టుకుంది. "వద్దురా. ఎవరికి తెలుస్తుంది? నీ తొట్టెలు పోతాయిరా!"

"నాకు తెలుసు కదమ్మా."

కురెబయాషికి ఫోనులో ఒక్కటే చెప్పాడు. చేపలు కలిసిపోయాయి, తప్పు తనదే, తండ్రికేమీ తెలియదు. రుచి తెలియని వంటవాడని ఊళ్లో పొక్కితే ఆ దుకాణం ఏమవుతుందో వాడికి తెలుసు. అవతలి నుంచి కురెబయాషి, "నాన్నగారు కెమెరా ముందు మళ్లీ తింటారా?" అని అడిగింది. కోహెయ్ తండ్రి వైపు చూశాడు. "తినరండి" అన్నాడు. కొడుకు తన పరువు కాస్తున్నాడని తొకుజికి అర్థమైంది.

ఆదివారం కార్యక్రమం వచ్చింది. ఫుసాయె టీ కప్పు పెదాల దాకా ఎత్తేలోపే కొడుకు తొట్టె తెర మీదికి వచ్చి పోయింది. తొకుజి మాట టీవీలో రాదని తెలిసి, మార్చి తర్వాత పొడిగింపు లేదని సంస్థ ముందే చెప్పేసింది.

టీవీ కట్టేసి తొకుజి లేచాడు. పెరట్లోంచి ఆ బక్క మలుగును తెచ్చి, ఈసారి కొడుకు ముందే చీల్చాడు. పుల్లలు గుచ్చాడు, కాల్చాడు. మొదటి ముక్క భార్యకిచ్చాడు.

"చెప్పవే."

ఆమె నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాగుంది."

"తల్లిగా కాదు. పాకం రుచి చూసినట్టు చెప్పు."

ఫుసాయె కొడుకు మొహంలోకి చూడలేకపోయింది. "మట్టి వాసన లేదు. కానీ... చప్పగా ఉందిరా నాన్నా. కొవ్వు పట్టలేదు."

"తెలుసమ్మా" అన్నాడు కోహెయ్. "ఇంకొన్నేళ్లిస్తే పట్టేది."

తొకుజి పళ్లెం తన ముందుకు లాక్కున్నాడు. ఒక్కో ముక్కా తీసి, ఏదీ మిగల్చకుండా, నిదానంగా నమిలి తిన్నాడు. తింటున్నంతసేపూ చెంపల మీదుగా నీళ్లు కారుతూనే ఉన్నాయి. పుల్లలు పక్కన పెట్టి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకిప్పుడు నీ చేపా, నా చేపా ఒకటేరా."