మొదటి పీరియడ్

సుమిత్ర టిఫిన్ డబ్బాలో అన్నం సర్దుతోంది. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన మల్లయ్య బూట్లయినా విప్పకుండా గడపలోనే నిలబడ్డాడు.

"ఇయ్యాల బడికి పోయి నిషిత టీసీ తెస్త. లెక్కల్ల ఫెయిలైతదంట. బడిల నూటికి నూరు మంది పాస్ కావాల్నంట. పదో తరగతి ప్రైవేటుగ రాయించుమన్నడు హెడ్మాస్టర్."

సుమిత్రకు ఒళ్ళు మండింది. "నువ్వేమన్నవ్?"

"సరే అన్న. మనసొంటోళ్ళ పిల్లలకు సదువెక్కదు సుమిత్రా."

"మనసొంటోళ్ళంటే ఎవరు?" గరిటె గిన్నెలోకి విసిరికొట్టింది. "తెలుగెక్కింది, సైన్సెక్కింది. లెక్కలొక్కటే ఎందుకెక్కలే? దాన్నడిగినవా?"

అతనడగలేదు. నిజానికి ఆమె కూడా అడగలేదు.

జడ వేసుకుంటున్న నిషిత తల దించుకుంది. "లెక్కలు ఫస్ట్ పీరియడమ్మా. రెండు బస్సులు మారి పోయేసరికి అయిపోతది."

కొల్లూరులో సర్కారు ఇల్లు వచ్చిందని కిరాయిల్లు వదిలి ఇక్కడికొచ్చారు. పదో తరగతిలో బడి మార్చడమెందుకని పిల్లను పాత బడిలోనే ఉంచారు.

"మరి చెప్పవేందే?"

"చెప్తే మల్ల కిరాయింటికి పోదామంటవని. తాళం చేతికొచ్చిననాడు ఈ గడప మీద కూసొని ఏడ్చినవ్ గద."

సుమిత్ర కూతుర్ని గుండెకు హత్తుకుని బావురుమంది. అంతలోనే కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. ఏడుస్తూ కూర్చునే రకం కాదామె. "ఇల్లిడువం, బడి ఇడువం. నడువు, ఆ సార్‌తోని నేను మాట్లాడత."

మల్లయ్య బండి తాళం అందుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, నిద్ర లేక మాత్రం కాదు. "ఎక్కుర్రి. రోజూ నేనే దింపొచ్చి పండుకుంట."

బడి వరండాలో హెడ్మాస్టర్ మొహం చిట్లించాడు. "ఫెయిలైతే బడి పరువు పోతుందమ్మా."

"మా పిల్లను బయటికి తోలినంక వచ్చే నూరు ఎట్ల నూరైతది సార్?" సుమిత్ర గొంతు వరండా అంతా వినిపించింది. "ఇగ రోజూ టైముకే తోలుకొస్తం. చెప్పుడు మీ పని. టీసీ మాత్రం తీస్కపోం!"

ఆయన ఏదో అనబోయేలోగా గంట మోగింది. నిషిత పరుగెత్తింది.

సుమిత్ర వెంటనే కదల్లేదు. లోపల లెక్కల సారు పేర్లు పిలుస్తున్నాడు. "నిషిత!"

"ప్రెజెంట్ సార్!"

గేటు దగ్గర బండి మీదున్న మల్లయ్యకు కూడా వినిపించింది. మొహం పక్కకు తిప్పుకుని, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.