ఇరవై ఏడో నంబర్ ఫైల్

ఉదయం 11:40.

బీరువాలో అరవై ఫైళ్లు ఉండాలి. యాభై తొమ్మిదే ఉన్నాయి.

కౌన్సెలర్ మోహనప్రియ వేలితో ఒక్కొక్కటే తాకుతూ మళ్లీ చూసింది. ఇరవై ఆరు. పక్కన ఇరవై ఎనిమిది. మధ్యలో బొటనవేలు దూరేంత సందు.

11:55. డీ-అడిక్షన్ సెంటర్ గేటు ముందు ధర్మపురి టౌన్ పోలీసు జీపు ఆగింది. ఎస్.ఐ. మాదేశ్వరి దిగింది. వెనకే కానిస్టేబుల్ కాళియన్.

ఆమె ఆ గేటు దాటడం ఇదే మొదటిసారి. గేటు మాత్రం కొత్త కాదు. ఏడు నెలలుగా ప్రతి గురువారం సాయంత్రం ఆమె మొగుడు సెంథిల్‌కుమార్ ఇక్కడికే వస్తున్నాడు. తాగుడు మానేశాడు. ఆ సంగతి స్టేషన్‌లో ఎవరికీ తెలియదు. ఇంటికొచ్చాక "ఏం మాట్లాడినావు?" అని అడిగితే "ఏముంది, ఊరికే" అంటాడు.

ఆ "ఊరికే" చేపముల్లులా ఏడు నెలలుగా ఆమె గొంతులో ఉండిపోయింది.

వెయిటింగ్ హాల్లో కిటికీ పక్కన, పైకప్పు కొక్కేనికి నీలం చీరతో తూలి కట్టి ఉంది. ఈ ఊళ్లో చీర ఉయ్యాలను తూలి అనే అంటారు. ఇరవై మూడేళ్ల పిల్ల ఒకతె దాన్ని ఊపుతోంది. లోపల ఏడెనిమిది నెలల పాప. వెల్లకిలా, కాళ్లు బారజాపుకుని నిద్రపోతోంది. బుగ్గ మీద దిష్టిచుక్క. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ.

మాదేశ్వరికీ ఇంట్లో పది నెలల కొడుకున్నాడు. పాప అరికాలిని వేలితో ఒకసారి తాకి ముందుకు నడిచింది.

కౌన్సెలింగ్ గదిలో మోహనప్రియ నిలబడే ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది. జడలో కనకాంబరాలు. వయసు ఇరవై ఎనిమిది దాటి ఉండదు.

సెంథిల్ గురువారం సాయంత్రాలు ఈ కుర్చీలోనే, ఈమె ఎదుటే కూర్చుంటాడన్నమాట. ఈమె ఇంత చిన్నదని ఒక్కసారీ చెప్పలేదు.

"ఎప్పుడు పోయింది?" తమిళంలో అడిగింది మాదేశ్వరి. గొంతు అనుకున్నదానికన్నా కరుగ్గా వచ్చింది.

"11:05కి వార్డులో ఒకతనికి ఫిట్స్ వచ్చాయి. పరుగెత్తాను. తాళంచెవి బీరువాకే వదిలేశాను. 11:20కి తిరిగొచ్చాను. 11:40కి రౌండ్స్ కోసం ఫైళ్లు తీస్తే ఇరవై ఏడు లేదు."

"సి.సి.టి.వి.?"

"గేటు దగ్గర మాత్రమే. లోపల పెట్టం. ఇక్కడికి వచ్చేవాళ్లు ముఖం దాచుకుని వస్తారు మేడమ్."

"ఇరవై ఏడు ఎవరు?"

"నంబర్ చెప్పగలను. పేరు చెప్పకూడదు."

"నేను పోలీసుని."

"అయినా సరే. ఫైల్ దొరికినా మీరు తెరవకూడదు. భార్యకు కూడా చెప్పుకోలేని మాటలు అందులో ఉంటాయి."

చేపముల్లు కదిలింది.

"సెంథిల్‌కుమార్ అని ఒకాయన ఇక్కడికి వస్తాడా?" కావాలనే అడిగింది మాదేశ్వరి.

మోహనప్రియ కనురెప్ప కూడా ఆడించలేదు. "వస్తారో రారో చెప్పకూడదు మేడమ్."

మాదేశ్వరికి ఒళ్లు మండింది. బీరువా వైపు తిరిగి అడిగింది. "ఫైల్ గేటు దాటితే ఏమవుతుంది?"

"అతను ఇక్కడున్నట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు. బెంగళూరులో సెంట్రింగ్ పని అని చెప్పి వచ్చాడు. పద్దెనిమిది రోజులైంది. ఇంకా మూడు రోజులు. అతని మాటలు వీధిలో పడ్డాయంటే ఒక్క పూట కూడా ఉండడు. పోయి తాగుతాడు. ఈసారి అతని లివర్ తట్టుకోదు."

కాళియన్ గేటు కెమెరా చూసి వచ్చాడు. పదకొండు నుంచి ఎవరూ బయటికి పోలేదు. ఫైల్ లోపలే ఉంది. ఒంటిగంటకు విజిటర్స్ టైం అయిపోతుంది. ఆ తర్వాత ఎవరినీ ఆపలేరు.

టైం 12:02.

మొదట వాచ్‌మన్ గోవిందన్. 11:00 నుంచి 11:30 దాకా గేటు దగ్గరే ఉన్నాడని కెమెరాయే సాక్షి.

తర్వాత గదులు తుడిచే పాపక్క.

"11:05కి యాడుంటివి?"

"హాల్ తుడిచి, నీళ్లు పారబోసేదానికి వెనక్కి పోతిని. కొళాయి దగ్గర లైను. వచ్చేలోపు పావుగంట."

"ఫైల్ నువ్వు తీసినావా?"

"నేనా? అక్షరం ముక్క రాదు నాకు. ఫైల్ తీసుకుపోయి ఏమి చేసేది, దోసె తిప్పేదా?" పాపక్క చేతులు తిప్పింది. "ఏ నంబరు పోయింది మేడమ్?"

"ఇరవై ఏడు."

"అయ్యో, మణివణ్ణన్ చొక్కా మీద ఉండేది అదే గదా! నేనే ఉతుకుతా."

మోహనప్రియ నుదురు పట్టుకుంది. బీరువాకు తాళం వేసినా, పేరు బట్టల దండెం మీద ఆరుతోంది.

మణివణ్ణన్ 10:45 నుంచి 11:30 దాకా యోగా క్లాసులో ఉన్నాడు. పద్నాలుగుమంది చూశారు.

అతని భార్యే తూలి ఊపుతున్న పిల్ల. పేరు కలైసెల్వి. ఇరవై ఏడు నంబర్ విజిటర్ టోకెన్ ఆమె కొంగుకే పిన్నుతో గుచ్చి ఉంది.

మాదేశ్వరి తమిళంలో మొదలుపెట్టింది. ఇంతలో పాప కదిలింది. "ఉండు రక్షా, పండుకో నా తల్లీ" అంది కలైసెల్వి.

మాదేశ్వరి కూడా తెలుగులోకి మారింది. "ఏ ఊరు మీది?"

ఆ పిల్ల కళ్లు విప్పార్చింది. "కంబైనల్లూరు. మీరూ మనోళ్లేనా అక్కా?"

అంతదాకా మేడమ్. ఇప్పుడు అక్క.

"పదకొండు గంటలప్పుడు యాడుంటివి?"

"ఈడే. తూలి ఊపుతా ఉంటిని."

"లేవలేదా?"

"బిడ్డను వదిలి యాడికి పోతును అక్కా? దీపావళికి ముడి జారి కింద పడింది. నాలుగు కుట్లు. నేను కట్టిన ముడే అది. ఆ పొద్దు నుంచి మూడు ముళ్లు వేస్తా, మూడుసార్లు లాగి చూస్తా. అయినా నిద్ర పట్టదు." ఆమె చెయ్యి తనంతట తనే పైకి పోయి ముడిని తడిమింది.

"మీ ఆయన ఎట్లున్నాడు?"

"నన్నెందుకు అడిగేది? ఆయమ్మను అడగండి." గడ్డంతో కౌన్సెలింగ్ గది వైపు చూపించింది. "గంటల గంటలు ఆయమ్మ ముందర కూర్చొని ఏడుస్తాడంట. నా దగ్గర అయితే 'తింటివా, బిడ్డ బాగుందా', అంతే. నాలుగేండ్లు కాపురం చేసినాను. నా ముందర ఒక్క చుక్క కన్నీళ్లు రాలేదు. కనకాంబరాలు పెట్టుకొని ఎదురుగా కూర్చుంటే ఎవరికి రావు మాటలు?"

మాదేశ్వరి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

12:20. కాళియన్ వెతకని చోటు లేదు. వార్డు మంచాలు, వంటింటి బియ్యం మూటలు, బాత్రూములు, టిఫిన్ క్యారియర్లు. కలైసెల్వి వైరుబుట్ట బోర్లించి పాలసీసా మూత కూడా తీసి చూశాడు. ఏమీ లేదు.

మోహనప్రియను డాక్టర్ పిలిచాడు. బీరువా తెరిచే ఉంది. గదిలో మాదేశ్వరి ఒక్కతే.

ఆమె కళ్లు వరస మీద పరుగెత్తాయి. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.

నలభై ఒకటి. సెంథిల్ మాత్రల కవర్ మీద ఇంట్లో రోజూ చూసే నంబర్.

చెయ్యి తనకు తెలియకుండానే పోయింది. ఫైల్ రెండంగుళాలు బయటికి వచ్చింది. లావుగా ఉంది. ఏడు నెలల గురువారాలు. తన గురించి ఏం చెప్పాడు? యూనిఫాం వేసుకుని ఇంట్లో కూడా అరుస్తుందన్నాడా? ఈ కనకాంబరాల అమ్మాయి అవన్నీ విని, తల ఊపి, రాసుకుందా? తన మొగుడి లోపలి గదికి తాళంచెవి ఇంకొకతె దగ్గర ఉందా?

ఒక్క పేజీ. ఎవరికి తెలుస్తుంది?

సరిగ్గా అప్పుడే తట్టింది.

ఇరవై ఏడో ఫైల్ తీసినది వేరే పనికి కాదు. అమ్మడానికి కాదు, బెదిరించడానికి కాదు. తన చెయ్యి ఇప్పుడు దేనికోసం సాగిందో, అది తీసిన చెయ్యీ దానికే సాగింది. మరి తానే తీసి ఉంటే ఎక్కడ పెట్టేది? బియ్యం మూటలోనా? బాత్రూములోనా? కాదు. చేతికి అందే చోటే పెట్టేది. కన్ను వేసి ఉంచేది.

హాల్లో పాప ఏడుపు.

మాదేశ్వరి గుమ్మం దగ్గరికి వచ్చి చూసింది. టైం 12:34.

కలైసెల్వి తూలి ఊపుతోంది. ఏడుపు పెరిగింది. ఊపు పెరిగింది. బిడ్డను ఎత్తుకోలేదు.

"పాలియ్యి తల్లీ, గొంతు ఎండిపోతాంది" అని పాపక్క కేకేసింది.

"ఇప్పుడే తాగింది."

అబద్ధం. ఆమె జాకెట్టు ముందు భాగం పాలతో తడిసిపోయి ఉంది. బిడ్డ ఏడుపు వింటే తల్లి ఒంటికి ఏమవుతుందో మాదేశ్వరికి ఎవరూ చెప్పనక్కరలేదు.

"కాళియా, అందరినీ వెనక వరండాలోకి పంపు. నువ్వు కూడా."

"మేడమ్, విచారణ అందరి ముందర..."

"అందరి ముందర చేసేది కాదు ఇది. పో."

హాల్లో ముగ్గురు ఆడవాళ్లు మిగిలారు. మాదేశ్వరి, మోహనప్రియ, కలైసెల్వి. తూలిలో రక్ష.

"బిడ్డను ఎత్తుకో కలై."

ఆమె కదలలేదు.

"నా కొడుకు కూడా తూలిలోనే పండుకుంటాడు. చీర నడుమ దిగుతుంది. బిడ్డ పిల్లికూనలా ముడుచుకుంటాడు. ఏ తూలిలోనైనా అంతే. నేను వచ్చినప్పుడు మీ పాప కాళ్లు బారజాపి, పలక మీద పండినట్టు పండుకొని ఉంది. చూసినాను. బుర్రకు ఎక్కలేదు. బిడ్డ కింద గట్టిగా ఏదో ఉంది. నిద్రపోయే బిడ్డను లేపి ఎవరు వెతుకుతారు? మా కాళియన్ పాలసీసా మూత తీసినాడు గానీ తూలిలో చెయ్యి పెట్టలేదు." ఆమె గొంతు తగ్గించింది. "పాపక్క కొళాయి దగ్గరుంది. హాల్లో ఎవరూ లేరు. రెండు నిమిషాల పని. ముడిని మూడుసార్లు లాగి చూసే తల్లివి. బిడ్డ గొంతు చించుకుంటా ఉంటే ఎత్తుకోలేదంటే, ఎత్తితే ఏదో బయటపడుతుందనే గదా?"

కలైసెల్వి రక్షను ఎత్తి గుండెకు హత్తుకుంది. తూలి అడుగున మడత పెట్టిన దుప్పటి. దుప్పటిలో గోధుమరంగు అట్ట ఫైల్. మీద 27.

"చదివినావా?"

"యాడ చదివేది?" ఆ పిల్ల భోరుమంది. "ఎనిమిదో క్లాసుతో మాన్పించేసినారు నన్ను. లోపల అంతా ఇంగ్లీషు. గొలుసుకట్టుగా గీసి పెట్టినారు. నా పేరు యాడుందో కూడా కనిపెట్టలేకపోతిని. ఊరికి పోయి ఎదురింటి పిల్లతో చదివించుకుందామని... ఆ పిల్ల కాలేజీలో ఉంది."

"సాయంత్రానికి వీధి మొత్తం చదివేసేది."

కలైసెల్వి మాదేశ్వరి చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీకు ఇంగ్లీషు వస్తుంది. ఒక్కటే చూసి చెప్పు. ఇంకొక ఆడదాని పేరు ఉందా లేదా. ఉంది అంటే ఉంది, లేదు అంటే లేదు. నీకు దండం పెడతా."

ఫైల్ మాదేశ్వరి చేతిలో ఉంది. అట్ట పాప ఒంటి వేడితో వెచ్చగా ఉంది. బొటనవేలు అంచు కింద ఉంది.

ఆమె ఫైల్‌ను మోహనప్రియ చేతికి ఇచ్చేసింది.

"ఇది ఆయన ఫైల్ కలై" అంది మోహనప్రియ మెల్లగా, వచ్చీరాని తెలుగులో. "ఆయన సరే అంటేనే తెరవాలి."

"మొగుడు నా మొగుడు. ఫైల్ మాత్రం ఆయనదా?"

మోహనప్రియ వెళ్లి మణివణ్ణన్‌ను పిలుచుకొచ్చింది. నల్లగా, గట్టిగా ఉన్న మనిషి. ఫైల్ చూశాడు, ఖాళీ తూలి చూశాడు, భార్యను చూశాడు. అర్థమైంది. గోడ పట్టుకున్నాడు.

"మీరు చెప్పక్కరలేదు" అంది మోహనప్రియ. "బలవంతం లేదు."

"చెప్తాను." అతను భార్య వైపు తిరిగాడు. "దాంట్లో ఒక ఆడదాని పేరు ఉంది కలై. రక్ష పేరు."

"బిడ్డ పేరా?"

"దీపావళికి నీ ముడి జారలేదే. నేను తాగి వచ్చినాను. నువ్వు కొట్టంలో పాలు పిండుతా ఉంటివి. కాళ్లు నిలవక తూలి పట్టుకుంటిని. నా బరువుకు కిందికి వచ్చేసింది. నువ్వు పరుగెత్తి వచ్చేలోపల మిగిలిన ముడి కూడా నేనే విప్పి పెట్టి, నీ ముడి జారిందంటిని. నువ్వు మూడేసి సార్లు లాగి చూసేటప్పుడంతా..."

మిగతాది మాదేశ్వరి వినలేదు. మోహనప్రియను లోపలే ఉంచి, తలుపు దగ్గరికి లాగి బయటికి వచ్చేసింది. లోపలి నుంచి ఒక చెంపదెబ్బ చప్పుడు.

1:10. కంబైనల్లూరు బస్సు పోయింది. కలైసెల్వి ఎక్కలేదు.

1:25కి తలుపు తెరుచుకుంది. మణివణ్ణన్ స్టూలు ఎక్కి తూలి మళ్లీ కడుతున్నాడు. కలైసెల్వి బిడ్డను చంకన వేసుకుని కింద నిలబడి ఉంది. అతని ముఖం చూడడం లేదు. ముడినే చూస్తోంది. అతను దిగాక చీర పట్టుకుని లాగింది. ఒకసారి. రెండోసారి.

మూడోసారి లాగలేదు. బిడ్డను పడుకోబెట్టింది. పాప పిల్లికూనలా ముడుచుకుంది.

కౌన్సెలింగ్ గదిలో మోహనప్రియ ఇరవై ఏడును చోటులో పెట్టింది. వరస చూసింది. నలభై ఒకటి రెండంగుళాలు బయటికి ఉంది. ఆమె దాన్ని లోపలికి నెట్టింది. మాదేశ్వరి వైపు తిరగలేదు. ఏమీ అడగలేదు.

అప్పుడు మొదటిసారి ఆమె జడలోని కనకాంబరాలు మాదేశ్వరి కంటికి పూలలాగే కనిపించాయి.

"కేసు రాయమా మేడమ్?" జీపులో అడిగాడు కాళియన్.

"ఏ కేసు? ఫైల్ వేరే చోట పెట్టినారు. దొరికింది."

2:15. ఇల్లు. సెంథిల్‌కుమార్ కొడుక్కి పప్పన్నం తినిపిస్తున్నాడు. ముద్ద చేతిలోనే ఆగింది.

"మా సెంటర్ ముందర మీ జీపు ఉండెనంట? ఏమి జరిగింది?"

మాదేశ్వరి టోపీ తీసి మేకుకు తగిలించింది. "చెప్పకూడదు."

"నాకు కూడానా?"

"నీకు కూడా."

అతని ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆ ముఖం ఆమెకు బాగా తెలుసు. ఏడు నెలలుగా ప్రతి గురువారం అద్దంలో చూస్తున్నదే.

ఆమె అతని పక్కన కింద కూర్చుంది. గిన్నె అందుకుని, పిల్లవాడి మూతి తుడిచింది.

"ఈ గురువారం నేనే నిన్ను దింపుతాను" అంది. "గేటు దాకా."