అన్నీ చోప్ చేసిన మహతి

మహతి ఆఖరి టిష్యూ ప్యాకెట్‌ను మందారం బొమ్మ ముందు పెట్టింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ గమనించలేదు. పని పూర్తయింది!

సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద ఆ ఉదయం నళిని ఆంటీ బొమ్మల ప్రదర్శన. అన్నీ ఆంటీ స్వయంగా నీటిరంగులతో వేసి, ఫ్రేములు కట్టించినవే. ఆర్కిడ్ మీద తుమ్మెద. అల్లం పువ్వు ఎక్కుతున్న చీమలు. దేవగన్నేరు ఆకు కొరుకుతున్న గొంగళిపురుగు. అరటిపువ్వు మీద పచ్చగా మెరిసే పెంకుపురుగు.

"మన హాల్లోకి ఒకటి సెలెక్ట్ చేసి పెట్టు. ఆఫీస్ కాల్ అవగానే వస్తా," అంది అమ్మ.

ఏది? ఒకటి చూస్తే ఇంకోటి బాగుంది. ఈలోగా ఎవరైనా కొనేస్తే? మహతి చేతిలో దుకాణం సంచి ఉంది. సంచిలో టిష్యూ ప్యాకెట్ల కట్ట ఉంది.

తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే. దాన్నే చోప్ చేయడం అంటారు. ఎంత ఆకలితో ఉన్నవాళ్ళయినా అక్కడ కూర్చోరు. అందుకే మహతి బొమ్మలన్నిటినీ చోప్ చేసేసింది.

నళిని ఆంటీ దూరంగా ఓ మూల కూర్చుని చిన్నపిల్లలకు సీతాకోకచిలుక వేయడం నేర్పుతున్నారు.

ఒక చైనీస్ తాతగారు వచ్చారు. "వా! ఆల్ టేకెన్ ఆల్రెడీ!" అని వెళ్ళిపోయారు. తర్వాత ఇద్దరు ఆంటీలు వచ్చారు. టిష్యూలు చూసి వాళ్ళూ వెళ్ళిపోయారు.

పై అంతస్తు జనార్దన్ అంకుల్ చీమల బొమ్మను చూసి ఉలిక్కిపడ్డారు. "నిజం చీమలనుకుని దులపబోయాను! అయ్యో, ఇదీ చోప్ అయిపోయిందా? ఏం గిరాకీ!" అంటూ లిఫ్ట్ వైపు నడిచారు.

మహతి భుజాలు ఎగరేసింది. తన ప్లాన్‌కు తిరుగే లేదు!

అంతలో మూలనుంచి నళిని ఆంటీ గొంతు వినిపించింది.

"మహతీ, ఆ అట్టపెట్టెలు ఇటు తీసుకురామ్మా. సర్దేద్దాం."

"అప్పుడేనా ఆంటీ?"

"వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు. ఒక్కళ్ళు కూడా 'ఎంత' అని అడగలేదు. నా బొమ్మలు బాలేవేమో. ఫస్ట్ టైమ్ పెట్టాను. ఇక చాల్లే."

మహతి ఆంటీ దగ్గరికి వెళ్ళింది.

"ఆంటీ... బొమ్మలు బాగున్నాయి. నేనే చోప్ చేశా."

"ఏది?"

"అన్నీ."

ఆంటీ లేచి వచ్చారు. బల్లల నిండా టిష్యూలు!

"అన్నీనా? మీ ఇంట్లో ఇన్ని గోడలున్నాయా తల్లీ?"

మహతి ఇక ఆగలేదు. టిష్యూలన్నీ గబగబా సంచిలో వేసుకుంది. పెంకుపురుగు దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఇదే! తనకు కావాల్సింది ఇదే! అయినా ఆ ప్యాకెట్ కూడా తీసేసి పరుగు తీసింది.

లిఫ్ట్ తలుపులు మూసుకుంటున్నాయి. మహతి దూకి బటన్ నొక్కింది.

"అంకుల్! ఏవీ అమ్ముడవలేదు! రండి!"

"మరి ఆ టిష్యూలు?"

"అవి నావి అంకుల్. సారీ."

అంకుల్ నవ్వుతూ వెనక్కి వచ్చారు. బొమ్మల ముందు చాలాసేపు తచ్చాడారు.

"చీమలు తీసుకెళ్తే మా ఆవిడ రోజూ దులుపుతుంది. నువ్వు ఇక్కడే ఉన్నావుగా, చెప్పు. అన్నిట్లోకీ ఏది బాగుంది?"

గొంగళిపురుగు అని చెప్పొచ్చు. మందారం అని చెప్పొచ్చు. మహతి నళిని ఆంటీ ముఖం చూసింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"పెంకుపురుగు అంకుల్. దాని వీపు మీద వెలుగు చూడండి."

అంకుల్ వంగి చూశారు. "అబ్బ! ఇదే ఇవ్వండి నళిని గారూ."

నళిని ఆంటీ ముఖం విప్పారింది. అంకుల్ ఫ్రేమ్ ఎత్తి, "ఏంటిది, ఇంత బరువుంది!" అన్నారు.

"అద్దం బరువు అంకుల్. పురుగు తేలికే," అంటూ మహతి రెండో వైపు పట్టుకుంది. "ఎండ పడే గోడకి పెట్టకండి. రంగు వెలిసిపోతుంది."