క్షవరం చేసిన రెక్క

"చచ్చిన బాతు రెక్క కోసం ఇంత గొడవా?" పడవ గట్టుకు లాగుతూ అన్నాడు ఒవీడ్.

"మాంసమంతా మీదేగా. ఒక్క రెక్క ఇస్తే అరిగిపోతారా?" అంది సోల్వే.

లూసియానా చిత్తడి నేలల్లో వేటగాళ్ల దగ్గర బాతు రెక్కలు పోగుచేయడం ఆమె ఉద్యోగం. పుట్టినచోటి నీళ్ల గుర్తు ఈకలో ఉండిపోతుందట. పరీక్ష చేస్తే ఉత్తరాన ఏ వైపు గుంటల్లో పుట్టిందో తెలుస్తుందట. ఆ గుంటలు పూడిపోకుండా చూస్తేనే చలికాలానికి ఇక్కడికి బాతులు వస్తాయి.

"ఈ పచ్చతల బాతు ఇక్కడే పుట్టిందని తేలితే?"

"తేలదు. తేలితే ఉత్తరాన డకోటాలో ఉన్న మా ఆఫీసు నుంచైనా పరుగెత్తుకొస్తా."

వేట సాగినన్నాళ్లూ రెక్కతోపాటు ఒక మాటా అంటించేవాడు. "మీ చుట్టమేమో చూడండి, ముక్కు అలాగే ఉంది." వాన టోపీ కింద నుంచి ఆమె ఒక చూపు చూసేది. అతని తెడ్డు నీళ్లలోకి జారిపోయేది.

వేట రోజులు అయిపోయాయి. ఆమె డకోటాకు వెళ్లిపోతుంటే ఒవీడ్ పడవ తాడు ముడి వేస్తూ ఉండిపోయాడు.

తర్వాత తల్లి పెరట్లో పుట్టిన పెంపుడు పచ్చతల బాతును కోసి, ఆఖరి రోజు వేటలో దొరికిందని రాసి, రెక్క ఆమెకు పంపాడు.

పది రోజులకు జోరువానలో గట్టు పక్కనే ఉన్న అతని ఇంటి ముందు సోల్వే దిగింది.

"ఇక్కడ పుట్టిన పచ్చతల! రేపే పై ఆఫీసులో చెబుతున్నా. ఇక ఉత్తరాన గుంటలకు ఖర్చెందుకంటారేమో!"

ఒవీడ్ మొహం పాలిపోయింది. ఊరుకుంటే ఆమె నవ్వులపాలు. చెబితే ఇటు నుంచి ఇటే వెనక్కి పోతుంది.

"చెప్పకండి. అది మా అమ్మ పెంచిన బాతు. మీరొస్తారని..."

ఆమె సంచిలోంచి రెక్క తీసింది. ఎగిరిపోకుండా పెద్ద ఈకలు కత్తిరించి ఉన్నాయి.

"అడవి బాతుకి క్షవరం ఎవరు చేస్తారండీ? కవరు విప్పగానే తెలిసింది. పరీక్షకే పంపలేదు."

"మరెందుకొచ్చారు?"

"మీరు ఒప్పుకుంటారో లేదో చూద్దామని. ఒప్పుకోకపోతే ఈ వానలోనే తిరిగి వెళ్లిపోయేదాన్ని."

"ఒప్పుకున్నాగా?"

"సగమే. మిగతాది కూడా కానివ్వండి, తడిసిపోతున్నా."

"మీరు లేకపోతే ఈ గట్టు మీద నాకు తోచడం లేదు," అన్నాడు తల వంచుకుని. "ఉండిపోండి."

ఆమె టోపీ తీసి అతని నెత్తిన పెట్టింది.

వాకిట్లో గరిటె పట్టుకుని తల్లి క్లోటిల్డ్ నిలబడి ఉంది.

"ఒరేయ్! నా బాతును మింగింది నువ్వా? మొసలే మింగిందనుకుని, కాలవలో దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను కదరా!"

తర్వాత సోల్వే తడిజుట్టు చూసి గొంతు తగ్గించింది.

"నువ్వు లోపలికి రా తల్లీ, గంబో పులుసు వేడిగా ఉంది. వీడిచేత నిజం చెప్పించే మనిషి ఇంట్లో ఉండాల్సిందే."

ఒవీడ్ కూడా గడప ఎక్కబోయాడు. గరిటె అడ్డం పడింది.

"నువ్వాగు. ముందు పోయి ఆ మొసలికి సారీ చెప్పిరా."