తెల్ల అంగీ తొడుక్కొచ్చిన కోడలు

విషం కలిసిన కాఫీ మూడు గుక్కలు తాగి, మూడు నిమిషాల్లో కోదండరామ్ చనిపోయాడు. కెనడాలోని ఒషావాలో, పట్టపగలు, జనం నిండిన కాఫీ షాపులో. ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి మొహం ఏ కెమెరాకూ చిక్కలేదు.

ఏజెంట్ హర్షిణికి పని నేర్పిన గురువు ఆయన. ఆమె పెళ్లికి పదకొండు రోజుల ముందు పోయాడు.

"నీ హనీమూన్ పాడుచేశాను, సారీ అమ్మా," అన్నాడు చీఫ్ దక్షిణామూర్తి.

"నేనే క్యాన్సిల్ చేసుకున్నా సార్. వాణ్ణి నా చేత్తో పట్టుకోవాలి."

"ప్రాణాలతో పట్టుకోవాలి."

హర్షిణి అప్పటికే ఫైలు తెరిచింది.

బ్రీఫింగ్ రెండే నిమిషాలు. బర్మాలో కరెన్ తెగవాళ్ల పల్లెలను తగలబెట్టినవారికి ఆయుధాలమ్మిన ముఠా ఒకటి టొరంటో నుంచి నడుస్తోంది. ఆ మంటల్లోంచి బయటపడ్డ సా థాటూ అనే పెద్దాయన రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. కానీ ఇవాళ టొరంటో దగ్గరి కేంబ్రిడ్జ్‌లో కరెన్ కొత్త సంవత్సరం పండుగ. వెళ్లి తీరతానని ఆయన పట్టు.

"ముఠాలో మన మనిషి సుధామయి కబురు పంపింది," అన్నాడు చీఫ్. "కోదండరామ్‌ని చంపినవాడే ఇవాళ థాటూ కోసం వస్తాడట. మగవాడు, కుంటుతాడట."

సుధామయి అంటే ఫోన్‌లో తీయటి గొంతు. మనిషిని చూసింది కోదండరామ్ ఒక్కడే.

"దొరికితే 'వాన మొదలైంది' అను. అదే కోడ్."

బయట మంచు. కేంబ్రిడ్జ్ పండుగ హాల్లో కంచు డోలు మోత. హర్షిణి మారువేషం బ్రహ్మాండంగా కుదిరింది: తెల్లటి గింజలు కుట్టిన నల్ల జాకెట్టు, ఎర్ర లుంగీ. మెడలో నల్లపూసలు, వాటిలో మైకు. లోపల పగ రగులుతున్నా, జాకెట్టు కుచ్చుల్ని ఒకసారి ఊపి చూసుకోకుండా ఉండలేకపోయింది.

గార్డులందరూ గేటు దగ్గర కుంటివాడి కోసం చూస్తున్నారు.

అప్పుడే పాదాల దాకా తెల్లటి అంగీ, చెవులకు వెండి జూకాలతో మెరిసిపోతూ ఒకావిడ టీ కప్పు తెచ్చింది. థాటూ మురిసిపోయాడు. "ఒటావా మేనల్లుడి భార్య! ఇవాళే మొదటిసారి చూడడం."

పక్కన కూర్చున్న థాటూ భార్య హర్షిణి చెవిలో గొణిగింది. "అందంగానే ఉంది, బుద్ధే లేదు. తెల్ల అంగీ పెళ్లికాని పిల్లలది. పెళ్లినాడే దాన్ని వదిలేస్తాం. పొద్దున నువ్వడిగినా ఇచ్చానా? కొత్త పెళ్లికూతురివని ఈ రంగు జత తొడిగాను. మా కోడలికి ఆ మాత్రం తెలియదా?"

కప్పు థాటూ పెదవిని తాకింది.

హర్షిణి ఒక్క దూకులో దాన్ని లాక్కుంది. రెండో చేత్తో తెల్ల అంగీ మణికట్టు మెలిపెట్టింది.

"వాన మొదలైంది!"

"అబ్బా, వదులు చెల్లాయ్!"

అచ్చ తెలుగు. ఫోన్‌లో విన్న తీయటి గొంతు.

హర్షిణి ఆమెను వంటింట్లోకి ఈడ్చి తలుపు గడియ పెట్టింది. ఫ్రిజ్ హ్యాండిల్‌కు బేడీ తగిలించింది.

"కోదండరామ్ గారిని చంపింది నువ్వే."

"నేను రెండు వైపులా పనిచేస్తున్నట్టు కనిపెట్టేశాడు. ఏం చేయను?" నవ్వింది సుధామయి.

హర్షిణి వంటగట్టు వైపు తిరిగి, కప్పుతో ఇటు తిరిగింది. ఇయర్‌పీస్‌లో చీఫ్ అరుస్తున్నాడు. "హర్షిణీ! ప్రాణాలతో!" దాన్ని పీకి సింక్‌లో పడేసింది.

"తాగు."

"పిచ్చా నీకు?"

ముక్కు మూసి పోసింది. ఒక గుక్క. రెండు. మూడు.

"ఆయనకు మూడు నిమిషాలు పట్టింది అక్కా. నీకూ అంతే టైముంది. పేర్లు చెబితే అంబులెన్స్ పిలుస్తా."

సుధామయి బేడీని ఆపకుండా గుంజింది. నుదుటి మీద చెమట. బాస్ పేరు, కొరియర్ల పేర్లు, మిల్టన్‌లో సరుకు దాచిన ఇల్లు, అన్నీ ఏడుస్తూ కక్కేసింది. మైకు అంతా వింది. హర్షిణి కళ్లార్పకుండా చూసింది. ఆ భయాన్ని కోదండరామ్ కోసం చివరిదాకా చూసింది.

మూడు నిమిషాలైంది. నాలుగైంది.

"ఏం పోశావే నాకు?"

"ఇక్కడి ఫ్లాస్క్‌లోని మామూలు టీ. నీ కప్పు అదిగో గట్టు మీదుంది, ల్యాబ్‌కి పోతుంది." హర్షిణి గార్డులకు తలుపు తీసింది. "ముప్పై ఏళ్లు జైలు టీ తాగబోతున్నావు కదక్కా. ఆఖరి మంచి కప్పు నా చేత్తో ఇద్దామనిపించింది."