పేరు రాసిన ఏరు

ఉత్తర ధ్రువ వలయం లోపల, ఉరల్ కొండల్లో, ఎండాకాలం పొద్దు గుంకదు. పటం గీయడానికొచ్చిన జినయీద ఆ ఆరని వెలుగులోనే పద్దెనిమిది రోజులుగా కొండలు కొలుస్తోంది. జింకల బండి తోలి దారి చూపేది సేరాకో. అక్కడ జింకలు కాసే నేనెట్స్ తెగ మనిషి. వాగు కనబడితే చాలు, దాని పేరూ కథా చెప్పేస్తాడు.

ఆ రోజు ఓ సన్నటి ఏటి దగ్గర ఆగారు. తడి నాచు వాసన, దోమల రొద.

"దీని పేరేంటన్నా?"

"లేదు."

"నీ దగ్గర కూడా కథలు అయిపోయాయా? సరే, పదిహేడో నంబరు ఏరని రాసేస్తా."

సేరాకో పగ్గాలు వదిలి ఏటి వైపు తిరిగాడు. మూడేళ్ల కిందట, మంచు పగిలి, అతని ఏడేళ్ల కూతురు ఆ నీళ్లలోనే పోయింది. శవం దొరకలేదు. పోయినవాళ్ల పేరెత్తితే పిలిచినట్టేనని వాళ్ల కట్టుబాటు. కానీ బిడ్డ పడుకున్న చోటికి ఒట్టి అంకె వేస్తారా?

"ఖద్నే" అన్నాడు. అది బిడ్డ పేరు.

జినయీద పెన్సిలుతో రాసుకుంది. అవతలి గట్టున ముందే పాతిన కొలకర్ర వైపు మూడుకాళ్ల దుర్బిణి తిప్పి, కన్ను ఆనించి, అలాగే బిగుసుకుపోయింది.

"అన్నా... అవతలి గట్టున, మన కొలకర్ర దగ్గర... ఎవరో పాప..."

సేరాకో తలెత్తి చూశాడు. కర్ర ఒక్కటే ఉంది. దుర్బిణిలోకి వంగాడు. ఆ అద్దాల్లో ఎప్పుడూ లోకం తలకిందులే. కొండలు కిందికి వేలాడుతున్నాయి. ఏరు పైన పారుతోంది. పాప మాత్రం నిటారుగా నిలబడి ఉంది.

జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. దవడ వణుకుతోంది. అతన్నే చూస్తోంది.

దోమల రొద ఆగిపోయింది.

అతను ఏట్లోకి ఉరికాడు. నడుంలోతు నీళ్లు దాటి కర్ర దగ్గరికి చేరాడు. ఎవరూ లేరు...

"నీ పక్కనే ఉందన్నా!" ఇవతలి గట్టున దుర్బిణిలోంచి చూస్తూ జినయీద అరిచింది. "నీ చెయ్యి పట్టుకోబోతోంది... అందట్లేదు..."

సేరాకో పక్కనున్న ఖాళీలోకి చేతులు చాచాడు. "చలికి వణికిపోతోంది నా తల్లి. నేను వెచ్చబెట్టలేను. పేరు చెరిపెయ్యమ్మా... దాన్ని పోనీ."

ఆమె ఒక్కో అక్షరం చెరిపింది. మళ్లీ చూస్తే కర్ర ఒక్కటే. సేరాకో గుండె పగిలేలా ఏడ్చాడు. ఈసారి బిడ్డని నీళ్లకి ఇచ్చింది తనే.

రెండు రోజులు బండి తోలుకుని తన గుడారానికి చేరాడు. భార్యకి ఈ సంగతి చెప్పకూడదనుకున్నాడు. తోలుతెర ఎత్తగానే ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుంది. చెంపలు తడి. కళ్లలో వెలుగు.

"మెల్లగా... ఇప్పుడే పడుకుంది. రెండు రోజులు నడిచొచ్చిందట, పాపం. నాన్న పొమ్మన్నాడని ఒకటే ఏడుపు."

పొయ్యి పక్కన జింకతోలు దుప్పటి చిన్న గుట్టలా ఉంది. దాని అంచు కింద నుంచి నీళ్లు పారుతున్నాయి. ఆ గుట్ట వణుకుతోంది.